మోటారు ప్లగ్గు: దాని చరిత్రము, దాని ఎంపిక

మదరాసులోని సింప్సను కంపెనీవారు ఆవిరి బస్సు నొకదానిని కట్టగా, అది 1905వ సంవత్సరమున బెజవాడకును బందరునకును నడుమ నడచెను. నేను చెప్పబోవునది స్పార్కు ప్లగ్గును గూర్చి. ఆ బస్సునకు ప్లగ్గే లేదు. అయినను దానితోనే మొదలిడుచున్నాను. ఏలననగా, ప్లగ్గు ఎందులకో తెలియవలెనన్నచో, అది అక్కరలేని బండిని ముందుగా చూచుట మేలు.

ఆవిరి ఇంజనునందు నిప్పు ఇంజనునకు వెలుపల, బాయిలరు క్రింద ఉండును. ఉదయమున ఒకసారి రాజేసినచో సాయంకాలము వరకు మండుచునే యుండును. పెట్రోలు ఇంజను ధర్మము వేరు. దానిలో నిప్పు సిలిండరు లోపలనే పుట్టి లోపలనే చావవలెను. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము లోనికి వచ్చును; పిస్టను దానిని నొక్కును; సరిగా ఆ నొక్కిన క్షణమున నిప్పు తగులవలెను; మండిన వాయువు పిస్టనును త్రోసి, పొగయై వెలుపలికి పోవును. మరల క్రొత్త మిశ్రమము, మరల క్రొత్త నిప్పు. పూర్వము మన పల్లెలలో పొయ్యి ఆరిపోయినచో పొరుగింటికి పోయి పిడక మీద నిప్పు తెచ్చుకొనెడివారు. ఇంజను నిమిషమునకు 3000 మారులు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరు పొయ్యి నిమిషమునకు 1500 మారులు ఆరును. అన్ని మారులును నిప్పు నిచ్చు పొరుగిల్లే ప్లగ్గు. అనగా సెకనునకు 25 రవ్వలు. వీనిలో కొన్ని తప్పినచో బండి త్రొట్రుపడును. వేళ కాని వేళ నిప్పంటినచో పిస్టనునకే ముప్పు వచ్చును.

ఈ నిప్పును పుట్టించు ఉపాయము కొరకు ఐరోపావారు నలువది ఏండ్లకు పైగా వెదకిరి. పారిసులో లెన్వారు 1860లో తన గ్యాసు ఇంజనునకు విద్యుత్తు రవ్వనే వాడెను. జర్మనీలో డైమ్లరు ఎఱ్ఱగా కాల్చిన గొట్టముతో పని గడపెను. కాని ఆ గొట్టము నిప్పంటించు వేళ మన చేతిలో నుండదు. 1902లో బాష్ కంపెనీలోని గాట్లోబు హోనోల్డు అను ఇంజనీరు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపరచిన పిమ్మటనే ఈ చిక్కు చాలవరకు తీరినది. ఇంగ్లండులో ఆలివరు లాడ్జి అను శాస్త్రజ్ఞుడు 1894లో, విద్యుత్తు రవ్వ పుట్టించిన తరంగములతో తీగ లేకయే సంకేతములను పంపి ఆక్సుఫర్డు పండితులకు చూపెను. ఆయన కుమారు లిద్దరు 1903లో మోటారు ప్లగ్గుల కంపెనీని స్థాపించిరి. కాబట్టి మనము వినెడి రేడియోయు, మోటారులోని ప్లగ్గును ఒకే యింట పెరిగిన బిడ్డలని చెప్పవచ్చును. ఆ బిడ్డల కలహమును గూర్చి ముందు ముందు చెప్పెదను.

ప్లగ్గు చూచుటకు బొటనవ్రేలంత వస్తువు. నడుమ లోహపు కడ్డి, దాని చుట్టును పింగాణి, పింగాణి చుట్టును మర కోసిన ఉక్కు గుల్ల. గుల్ల అంచు నుండి వంగిన కొక్కెము నడిమి కడ్డి మొనకు ఎదురుగా నిలుచును. ఆ రెంటికిని నడుమ నుండునది సందు. వేలకొలది వోల్టుల విద్యుత్తు ఆ సందును దాటునప్పుడు రవ్వ పుట్టును. విద్యుత్తును ప్రక్కదారి పట్టనీయకుండుట పింగాణి పని. తొలినాటి పింగాణి వేడికి పగులుచుండగా, విమానముల ప్లగ్గులకు అభ్రకపు పొరలను చుట్టిరి. మన నెల్లూరు మండలమున గూడూరు ప్రాంతపు గనుల నుండి ఆ కాలమున అభ్రకము విదేశములకు పోవుచుండెను. తరువాత అల్యూమినాతో కాల్చిన గట్టి పింగాణి వచ్చి అభ్రకమును త్రోసివేసినది.

మన దేశమున తొలుత విరివిగా కనబడిన కార్లలో ఫోర్డువారి మోడల్ టి ఒకటి. 1908 నుండి 1927 వరకు కోటి యేబది లక్షల బండ్లను ఆ కంపెనీ చేసెను. దాని బలము 20 గుర్రములు. దాని ప్లగ్గు మర నీటి గొట్టపు మర వంటిది, అర అంగుళపుది. క్రిందికి పోను పోను సన్నగిల్లును గనుక బిగించిన కొలది తనంతట తానే బిగియును, వాషరుతో పనిలేదు. ఆ ఇంజను మిశ్రమమును నాలుగింతలకు అటునిటుగా మాత్రమే నొక్కెడిది. నొక్కుడు తక్కువ, వేగము తక్కువ, కనుక వేడియు తక్కువ. అట్టి ఇంజనునకు ఏ కంపెనీ ప్లగ్గైనను మర పట్టినచో చాలును, పని జరిగెడిది. "మర ఎక్కినది గదా" యను మాట అక్కడ పుట్టినదని నా యభిప్రాయము. ఆనాటి బండికి ఆ మాట తగినదే. ఆ బండి పోయిన తరువాతను ఆ మాట పోలేదు. ప్లగ్గుల చరిత్ర యంతయు ఇట్టిదే: ఒక కాలపు ఇంజను నేర్పిన అలవాటు తరువాతి కాలపు ఇంజనును చెఱచుచు వచ్చినది.

ఫోర్డువారే 1927 చివర మోడల్ ఏ కారు తెచ్చినప్పుడు ప్లగ్గు మరను అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులకు మార్చిరి. 1932లో వచ్చిన ఎనిమిది సిలిండర్ల బండికి 18 మిల్లీమీటర్ల మర. కొన్ని యేండ్లకు 14 మిల్లీమీటర్ల మర అన్నిటిని మించి వ్యాపించినది. యుద్ధపు జీపులకును అదే. నేడును చాల బండ్లకు అదే కలదు. సన్నని 12, 10 మిల్లీమీటర్లవియు వచ్చినవి.

అందఱికిని 14 మిల్లీమీటర్లే అయినప్పుడు చిక్కు తీరవలెను గదా! తీరలేదు సరికదా, దాగినది. ఏలననగా మర వెడల్పు ఒకటియే అయినను మర పొడవు వేరు. ఒకదానికి అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు, మరొకదానికి ముప్పాతిక అంగుళము, అనగా 19 మిల్లీమీటర్లు. పొట్టి ప్లగ్గు తగిలించవలసిన చోట పొడవుది తగిలించినచో అది చక్కగా ఎక్కును; కాని దాని కొన పొయ్యిలోనికి చొచ్చుకొనిపోవును. పిస్టను పైకి వచ్చినప్పుడు దానిని కొట్టవచ్చును. కొట్టకున్నను, వెలుపడిన మర అంచులు ఎఱ్ఱగా కాలి వేళకు ముందే నిప్పంటించును. వాని మీద బొగ్గు గట్టిపడి, ప్లగ్గు ఊడదీయునప్పుడు సిలిండరు మూతలోని మరను చీల్చుకొని వచ్చును. పొడవుది ఉండవలసిన చోట పొట్టిది తగిలించినచో రవ్వ గుంటలో పుట్టును, మంట సరిగా వ్యాపింపదు. ఖాళీ మరలలో మసి నిండి, మరునాడు సరియైన ప్లగ్గు తెచ్చినను అది ఎక్కదు. అందుచేత ప్లగ్గు కొనుటకు పోవువారు పాతదానిని చేతబట్టుకొని పోయి, రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి మర పొడవును చూడవలెను. అంతకు ముందు ఆ పాతదియే సరియైనదా యని బండి పుస్తకములో చూచుకొనుట యుక్తము. తప్పు ప్లగ్గును నమూనాగా తీసికొనిపోయినచో తప్పే తిరిగి వచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధము ప్లగ్గులకు క్రొత్త పరీక్ష పెట్టినది. 1941లో పెట్రోలునకు రేషను వచ్చినది. బస్సుల వెనుక ఇనుప పొయ్యి నొకదానిని తగిలించి, దానిలో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించి, ఆ వచ్చు వాయువుతో ఇంజను నడుపసాగిరి. మధురలోని టి.వి. సుందరం అయ్యంగారి కంపెనీవారు అట్టి గ్యాసు ప్లాంట్లను తయారుచేసిరి. మన వారు వానిని బొగ్గు బస్సులనిరి. క్లీనరు తెల్లవారుజామున పొయ్యి రాజేసి, గాలిచక్రము త్రిప్పి, వాయువు అందు వరకు ప్రయాణికులు కాచుకొని యుండవలసినదే. ఇంజను బలము ఇంచుమించు సగమునకు పడిపోయెడిది. కాలువ వంతెనల యెక్కుడు వద్ద జనులు దిగి నెట్టిన కథలను ఆ తరమువారు నవ్వుచు చెప్పుచుండెడివారు.

ప్లగ్గు సంగతి యేమి? బొగ్గు వాయువునకు బలము తక్కువ గనుక ఇంజను నొక్కుడును పెంచిరి. నొక్కుడు పెరిగిన కొలది రవ్వ సందును దాటుట కష్టమగును. కనుక సందును ఇరుకు చేసిరి; 0.30 నుండి 0.35 మిల్లీమీటర్ల సందు మేలని అట్టి ఇంజనుల అనుభవము చెప్పినది. పెట్రోలు బండికి ఆనాడు ఉండెడి సందులో అది ఇంచుమించు సగము. ఆ వాయువు నెమ్మదిగా మండును గనుక రవ్వను పది పదిహేను డిగ్రీలు ముందుకు జరుపవలసి వచ్చెను. వాయువులోని తారు, బూడిద ప్లగ్గు ముక్కున కంటుకొనుచుండుట చేత దానిని మాటిమాటికి తీసి తుడువవలసి వచ్చెను. ఈ మూడు పనులును ఆ వాయువునకు తగిన పనులు. పెట్రోలు తిరిగి వచ్చిన తరువాతను సందును అంత ఇరుకుగా ఉంచినచో రవ్వ మరీ చిన్నదై, బండి నిలిచి పనిచేయునప్పుడు మంట తప్పును.

స్వాతంత్ర్యానంతరము 1951లో బాష్ వారి సహకారముతో మోటారు ఇండస్ట్రీసు కంపెనీ, అనగా మైకో, స్థాపింపబడినది. బెంగుళూరులోని దాని కర్మాగారము నుండి స్వదేశపు ప్లగ్గులు వచ్చుట మొదలిడినది. మన మెకానిక్కులకు చాల యేండ్లు మైకోయే ప్లగ్గు, ప్లగ్గే మైకో. ఆ కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్ అయినది. 1960 దశకమున బెజవాడ తూర్పు దిక్కున జవహర్ ఆటోనగరు వెలసినది. లారీల బాడీలు కట్టువారు, ఇంజను విప్పువారు, తుక్కు అమ్మువారు, విడిభాగముల దుకాణదారులు ఒక్కచోట చేరి, ఆసియాలోని పెద్ద మోటారు పేటలలో ఒకటి యను పేరు దానికి తెచ్చిరి. జిల్లాలో ఏ మూల ఏ బండి మొరాయించినను దాని మందు అక్కడ దొరకునని జనుల నమ్మకము. మందు దొరకును, కాని ఏ మందో అడుగుట తెలియవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనదియు, అన్నిటికంటె ఎక్కువగా అపార్థము పొందినదియు నగు విషయము వేడిని గూర్చినది. ప్లగ్గులలో వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు అని రెండు తెగలు. నడుమ ఎన్నో మెట్లు. ఈ పేర్లు విని, వేడి ప్లగ్గు గట్టి రవ్వ నిచ్చుననుకొనువారు కలరు. రవ్వకును ఈ పేరునకును సంబంధము లేదు. పింగాణి ముక్కు తన వేడిని ఎంత త్వరగా వదలించుకొనునో దానిని బట్టి ఈ పేర్లు వచ్చినవి. మన డెల్టా రైతునకు దీనిని తెలుపుట సులభము. మురుగు కాలువ ప్రక్కనున్న మడి వాన వెలిసిన వెంటనే తీయును. కాలువకు దూరమున నున్న మడిలో నీరు నిలుచును. ముక్కు పొట్టిదైనచో వేడి వెంటనే ఉక్కు గుల్లలోనికి, దాని నుండి సిలిండరు మూతలోనికి దిగిపోవును. అది చల్లని ప్లగ్గు. ముక్కు పొడవైనచో వేడి దిగుటకు దూరమెక్కువ. అది వేడి ప్లగ్గు.

ముక్కు వేడి సుమారు 450 డిగ్రీలకు తగ్గినచో దాని మీది మసి కాలిపోదు. మసి విద్యుత్తును ప్రవహింపనిచ్చును గనుక రవ్వ సందును దాటక ప్రక్కదారిని పోవును; బండి ఉదయమున కదలదు. 850 డిగ్రీలు దాటినచో ముక్కు తానే నిప్పుకణికయై, రవ్వ రాకముందే మిశ్రమమును అంటించును. పిస్టను పైకి వచ్చుచుండగా మంట దానిని క్రిందికి త్రోయును. ఇది కొంతసేపు సాగినచో పిస్టను తల కరగి రంధ్రము పడును. ప్లగ్గు వెల ఎంత, పిస్టను వెల ఎంత, ఇంజను విప్పి కట్టు కూలి ఎంత, ఆ దినములలో నిలిచిన బాడుగ ఎంత యని లెక్కవేసికొన్నచో, ఈ రెండు హద్దుల నడుమ ముక్కును నిలుపుట ఎంత పెద్ద సంగతియో తెలియును. అనుమానము వచ్చినప్పుడు మరీ వేడిదాని కంటె ఒక మెట్టు చల్లనిదే క్షేమము. చల్లనిది మసిపట్టి బండిని ఆపును. వేడిది బండిని ఆపక ఇంజనును కాల్చును.

ఇచ్చట బెజవాడవారి మాట యొకటి చెప్పవలెను. ఈ ఊరి యెండను చూచి ఇది బెజవాడ కాదు, బ్లేజువాడ యని హాస్యమాడిన సంగతి ప్రసిద్ధము. అంత యెండ గల ఊరిలో చల్లని ప్లగ్గు వేయవలెనని చెప్పువారు నేటికిని కలరు. మాఘమాసపు తెల్లవారుజామునకును రోహిణికార్తె మధ్యాహ్నమునకును గల భేదము ముప్పది డిగ్రీలకు అటునిటు. 450 నుండి 850 వరకు గల నాలుగు వందల డిగ్రీల మైదానములో ముప్పది ఏపాటిది? పైగా ఇంజను వేడిని రేడియేటరు అదుపులో నుంచుచునే యుండును. ప్లగ్గు వేడిని నిర్ణయించునది ఊరి యెండ కాదు. ఇంజను నొక్కుడు, బరువు, వేగము. నిండు బరువుతో హైదరాబాదు రహదారిని గంటలకొలది పరుగెత్తు కారు ముక్కు కాగును. అదే కారు రోజంతయు కాలువ గట్ల మీద, గవర్నరుపేట సందులలో మైలు పోయి ఆగుచుండినచో, మే నెలలోనైనను దాని ముక్కు చల్లగనే యుండి మసి పట్టును.

మెట్టును తెలుపు అంకెల యందు మరియొక ఉచ్చు కలదు. జపాను కంపెనీలైన ఎన్‌జీకే, డెన్సోలవారి పద్ధతిలో అంకె పెరిగిన కొలది ప్లగ్గు చల్లనిది. ఛాంపియను వారి పద్ధతిలో అంకె పెరిగిన కొలది వేడిది. బాష్ వారి సంగతి మరియు వింత. వారి పాత పద్ధతిలో 175, 225 వంటి మూడంకెల సంఖ్యలుండి, సంఖ్య పెరిగిన కొలది ప్లగ్గు చల్లనిదయ్యెడిది. తరువాత చిన్న అంకెలకు దిగి, అంకె పెరిగిన కొలది వేడిదగునట్లు తారుమారు చేసిరి. అందుచేత ఒక కంపెనీ 7కు బదులు మరొక కంపెనీ 7 అడుగుట పుట్టి సేరును శేరుగా కొలుచుట వంటిది. కంపెనీ మార్చునప్పుడు దుకాణదారుని వద్ద నుండు సరిపోల్చు పట్టికను చూపుమని అడుగవలెను. పట్టిక చూడకయే "ఇదీ అదీ ఒకటేనండీ" యని చెప్పువాని వద్ద కొనకుండుట మంచిది.

బండి పేరును మాత్రమే చెప్పి ప్లగ్గు అడుగుటయు చాలదు. అంబాసిడరు కారు ఇందులకు మంచి ఉదాహరణము. తొలి అంబాసిడరులలో 1476 ఘన సెంటీమీటర్ల పాత పద్ధతి ఇంజనుండెను. 1959లో దానికి బదులు 1489 ఘన సెంటీమీటర్ల క్రొత్త ఇంజను వచ్చినది. దాని ప్లగ్గు 14 మిల్లీమీటర్ల వెడల్పు, ముప్పాతిక అంగుళపు పొడవు మర గలది. సందు అంగుళములో వేయింట 25 వంతులు, అనగా 0.63 మిల్లీమీటరు. పిమ్మట డీజిలు అంబాసిడరు వచ్చినది. దానికి స్పార్కు ప్లగ్గే లేదు. దానిలోని గ్లో ప్లగ్గు ఉదయమున వేడిచేయు తీగ మాత్రమే. 1990 దశకమున ఇసుజు వారి ఇంజనుతో మరొక అంబాసిడరు. 2014లో ఆ కార్ల తయారీ నిలిచిపోవు వరకు వెలుపలి రూపము ఇంచుమించు ఒకటియే, పేరు ఒకటియే, లోపలి పొయ్యి మాత్రము వేరు వేరు.

ప్లగ్గును తీసి దాని ముక్కు రంగును చదువుట అంబాసిడరు కాలపు మేస్త్రీల గొప్ప విద్య. కాఫీపొడి రంగో, లేత బూడిద రంగో యైనచో అంతయు క్షేమము. పొడి మసి నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువగా వచ్చుచున్నదనియో, గాలి జల్లెడ మూసుకొన్నదనియో, ప్లగ్గు మరీ చల్లనిదనియో అర్థము. తడిగా నూనె పట్టినచో పిస్టను రింగులు అరిగినవి. అప్పుడు ఎన్ని ప్లగ్గులు మార్చినను వ్యర్థమే. సున్నము వలె తెల్లబడి బొబ్బలెక్కినచో వెంటనే బండి నాపవలెను. ఈ విద్య నేటికిని పనికివచ్చును. ఒక్క సవరణ మాత్రము కలదు. సీసము కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట నిలిచిపోయినది. కావున నేటి ప్లగ్గు ముక్కున ఆ గాఢమైన గోధుమ రంగు కనబడదు. పాలిపోయిన రంగును చూచి ఇంజను కాగిపోవుచున్నదని బెదరి, ఇంకను చల్లని ప్లగ్గునకు పోరాదు.

బస్సుల సంగతి ముగించెదను. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడినది. కృష్ణా జిల్లా బస్సుల జాతీయీకరణము మీద స్వంతదారులు సుప్రీం కోర్టు వరకు పోయి, అదే సంవత్సరమున ఒకసారి నెగ్గిరి. ఆ తీర్పు న్యాయవాదులకు నేటికిని పాఠమే. కాని అప్పటికే పెద్ద బండ్లు డీజిలునకు మరలుచుండెను. డీజిలు ఇంజను గాలిని నొక్కిన వేడితోనే నూనెను మండించుకొనును. దానికి రవ్వ అక్కరలేదు. 1905లో ప్లగ్గు లేక మొదలైన బందరు బస్సు మరల ప్లగ్గు లేనిదే యైనది.

పొలములోని చిన్న ఇంజనులకు మాత్రము ప్లగ్గు నిలిచినది. పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడచు పంపుసెట్టు గలవారు ఒక సంగతి గమనింపవలెను. కిరసనాయిలు సులభముగా ఆవిరి కాదు. ఇంజను బాగుగా కాగకముందే తొందరపడి దానికి మార్చినచో ప్లగ్గు తడిసి నల్లబడును. తప్పు ప్లగ్గుది కాదు, తొందరది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినది. తరువాతి సంవత్సరములలో కార్లకు ఎలెక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చి రవ్వకు బలము పెరిగినది. అందుచేత సందును ఒక మిల్లీమీటరు వరకును, కొన్నింట అంతకు మించియు పెంచిరి. అంబాసిడరు సందును ఈ బండ్లకు పెట్టుట తగదు. ఇక ముందు చెప్పిన కలహము. ప్లగ్గు రవ్వయు ఒక చిన్న రేడియో కేంద్రమే. ప్రతి రవ్వయు తరంగములను వెదజల్లును. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాటి పెద్దలకు, వీధిలో మోటారు పోవునప్పుడు సంగీతము నడుమ వినబడు గరగర గుర్తుండియే యుండును. దానిని అణచుటకు ప్లగ్గు కడుపులో సుమారు 5000 ఓముల నిరోధకమును చేర్చిరి. చాల కంపెనీల గుర్తులలో 'ఆర్' అను అక్షరము దీనిని తెలుపును. నేటి కార్లలో ఇంజనును నడుపు చిన్న కంప్యూటరు కలదు. ఆ గరగర దానినే తికమకపెట్టగలదు. కావున పుస్తకములో 'ఆర్' ఉన్నచో కొను ప్లగ్గునందును ఉండి తీరవలెను.

ఇరిడియము ప్లగ్గులను గూర్చి చాలమంది అడుగుదురు. ఇరిడియము 2400 డిగ్రీలకు పైబడి గాని కరగని లోహము. అందుచేత నడిమి కడ్డి మొనను 0.6 మిల్లీమీటరు, కొన్నింట 0.4 మిల్లీమీటరు సన్నదనమునకు తేగలిగిరి. సన్నని మొన నుండి రవ్వ సులభముగా దుముకును, మొన చాలకాలము అరగదు. కొన్ని రకములు లక్ష కిలోమీటర్ల వరకు వచ్చును. కంపెనీవారు దానినే వేయుమన్న కారునకు దానినే వేయవలెను. పాత అంబాసిడరునకు వేసినచో చెడుపు లేదు, కాని వెలకు తగిన లాభమును నేను చెప్పజాలను. పాత అలవాటు చొప్పున దానిని ఇసుకకాగితముతో రుద్దుట, ఇనుప కుంచెతో గీకుట, కొక్కెమును కొట్టి సందు సరిచేయుట మాత్రము కూడదు. నికెలు ప్లగ్గును బాగుచేసిన ఆ చేతిపనియే ఇరిడియపు మొనను విరుచును. వెల హెచ్చిన వస్తువునకు దొంగ నకళ్లును హెచ్చినవి. పెట్టె మీది అచ్చు అలికినట్లున్నను, మర గరుకుగా నున్నను, నడిమి మొన కొక్కెమునకు సూటిగా లేకున్నను కొనరాదు. రసీదు ఇచ్చు దుకాణమునందే కొనవలెను.

నేడు విజయవాడలో సి.ఎన్‌.జి. వాయువుతో నడచు ఆటోలును కార్లును విరివిగా తిరుగుచున్నవి. పెట్రోలు మిశ్రమము కంటె ఈ వాయువులో రవ్వ సందు దాటుటకు ఎక్కువ వోల్టేజి కావలెను. అందుచేత కంపెనీవారు ఈ బండ్లకు సందును కొంత ఇరుకుగా చెప్పుదురు; ప్లగ్గును త్వరగా మార్చుమందురు. పెట్రోలు కారునకు తరువాత గ్యాసు కిట్టు పెట్టించినవారు పాత ప్లగ్గులనే ఉంచి, బరువు మీద బండి దగ్గుచున్నదని కిట్టును తిట్టుచుందురు. బొగ్గు బస్సు నడిపిన డ్రైవరునకు ఈ సంగతి చెప్పనక్కరలేకుండెను.

తగిన ప్లగ్గు దొరికిన పిమ్మట ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, గుంట చుట్టునున్న దుమ్మును ఊది, పాతదానిని తీయవలెను. క్రొత్తదానిని పానాతో మొదలిడరాదు. చేతి వ్రేళ్లతో చివర వరకు త్రిప్పవలెను. నడుమ పట్టినచో మర అడ్డముగా ఎక్కినదని తెలిసికొని వెనుకకు తీయవలెను. వ్రేళ్లకు లొంగక నిలిచిన తరువాత, వాషరు గల 14 మిల్లీమీటర్ల క్రొత్త ప్లగ్గునకు పానాతో అరచుట్టు మొదలు మూడింట రెండు వంతుల చుట్టు వరకు చాలును. వాషరు లేక ఏటవాలు అంచుతో కూర్చుండు ప్లగ్గునకు చుట్టులో పదునాఱవ వంతు.